నమ్మకానికి ఆరడుగుల నేల

బస్తర్ అడవుల్లో క్రీస్తును నమ్ముకున్నవారికి ఆధ్యాత్మిక వివేకమంటే పుస్తకంలోని పాఠం కాదు. కొత్త బియ్యం ఎప్పుడు తినాలి, జాతర చందా ఇవ్వాలా వద్దా, చచ్చాక ఎక్కడ పడుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడమే వివేకం.

తండ్రిని పాతిపెట్టడానికి ఓ కొడుకు సుప్రీం కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 జనవరి 7న బస్తర్ జిల్లా దర్భా ప్రాంతంలోని ఛింద్‌వాడా గ్రామానికి చెందిన పాస్టర్ ఒకరు కన్నుమూశారు. ఊరి శ్మశానంలో ఆయన్ను ఖననం చేయడానికి గ్రామస్తులు ఒప్పుకోలేదు. పోనీ సొంత పొలంలో పాతిపెట్టుకుంటామంటే దానికీ అడ్డు చెప్పారు. రెండు రోజుల తర్వాత ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా అనుమతి నిరాకరించింది. శాంతిభద్రతలు దెబ్బతింటాయన్నది ప్రభుత్వ వాదన. కేసు ఢిల్లీ చేరి తేలేదాకా, అంటే 20 రోజుల పాటు, మృతదేహం జగ్దల్‌పూర్‌లోని మార్చురీలోనే ఉంది.

ఆ కుటుంబం నిన్నమొన్న మతం మారిందేమీ కాదు. తాత కాలం నుంచీ క్రైస్తవులే. ఆ తాతనూ, మేనత్తనూ అదే ఊళ్లో, క్రైస్తవులకంటూ వాడుకలో ఉన్న శ్మశానం మూలనే పాతిపెట్టామని కొడుకు కోర్టుకు చెప్పుకున్నాడు. జనవరి 27న తీర్పు వచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులూ చెరో దారి పట్టారు. సొంత భూమిలో ఖననం చేసుకోనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. కోరుకున్న చోటే పాతిపెట్టే హక్కు ఎవరికీ లేదని, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానానికే తీసుకెళ్లాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. మామూలుగా అయితే వ్యవహారం విస్తృత ధర్మాసనానికి వెళ్లాలి. కానీ శవం ఇంకా మార్చురీలో ఉంది. దాంతో రాజ్యాంగంలోని 142వ అధికరణను ఉపయోగించి, 20-25 కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్‌లో ఖననం చేయాలని, పోలీసు రక్షణ కల్పించాలని ఉమ్మడిగా ఆదేశించారు.

కోర్టు పని అంతటితో పూర్తయింది. బస్తర్‌లోని క్రైస్తవుల ప్రశ్న మాత్రం అలాగే ఉంది. క్రీస్తును నమ్మినవాడు ఈ ఊరివాడేనా? అవునని ఊరు ఒప్పుకోవాలంటే ఏం చేయాలి? ఏం చేయకుండా ఉండాలి?

తెలుగు పాఠకులకు బస్తర్ అనగానే అన్నలు, తుపాకులు గుర్తుకొస్తాయి. 1980లో గోదావరి దాటి అక్కడికి దళాలు వెళ్లింది ఇటు నుంచే. 2025 మే 21న అబూజ్‌మఢ్ ఎదురుకాల్పుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా మనిషే. ఆ యుద్ధం అడవిని దశాబ్దాల పాటు కమ్మేయడంతో పక్కనే రగులుతున్న ఈ పోరు బయటి ప్రపంచానికి పెద్దగా కనిపించలేదు. ఇది ఇళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య జరుగుతున్న పోరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభాలో క్రైస్తవులు 1.92 శాతం. అంటే 4.9 లక్షల మంది. సంఖ్య చూస్తే చిన్నదే. కానీ గొడవ నడిచేది సంఖ్యను బట్టి కాదు.

జబ్బుతో మొదలు

బస్తర్ పల్లెల్లో 'విశ్వాసి' అన్న మాటకు అర్థం ఒక్కటే. ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాడు. ఆ ప్రార్థన చాలాచోట్ల గోపురమున్న చర్చిలో జరగదు. మట్టిగోడల ఇంట్లోనో, రేకుల షెడ్డు కిందో జరుగుతుంది. ఓ డోలక్, హల్బీలోనో గోండీలోనో పాటలు, హిందీ బైబిలు. దక్షిణాన కోంటా వైపు వెళ్లే కొద్దీ తెలుగు కూడా వినిపిస్తుంది. అక్కడి దోర్లాల మాటలో సగం మన కోయ, సగం మన తెలుగు. సంతకూ ఆస్పత్రికీ వాళ్లు వచ్చేది భద్రాచలానికే.

విశ్వాసం సాధారణంగా సిద్ధాంతంతో మొదలవదు. జబ్బుతో మొదలవుతుంది. ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గదు. ముందు గునియా మందిస్తాడు. తర్వాత సిరహాకు పూనకం వస్తుంది. ఏ దేవతకు కోపం వచ్చిందో, ఏ కోడిని, ఏ మేకను ఇవ్వాలో చెబుతాడు. కోళ్లు అయిపోతాయి, మేకలు అయిపోతాయి, అప్పు మిగులుతుంది. ఆస్పత్రి దూరం. ఆ స్థితిలో ప్రార్థన చేసే ఇంటికి తీసుకెళ్తారు. అక్కడ ఖర్చు లేదు. పదిమంది చుట్టూ చేరి పేరు పెట్టి ప్రార్థిస్తారు. నయమైతే ఇల్లంతా విశ్వాసులవుతారు.

ఇది చదివిన బయటివారు రెండు రకాలుగా మాట్లాడతారు. అమాయకులను మభ్యపెట్టారనేది ఒక మాట. అద్భుతం జరిగిందనేది రెండోది. ఈ రెండింటికీ అందనిది ఆ తర్వాతి కథ. జబ్బు నయం కావడం ఒక రోజు ముచ్చట. ఆ మర్నాటి నుంచి మనిషి లోకాన్ని చూసే తీరు మారాలి. అడవి దారిలో ఇప్పచెట్టు కింద దయ్యం లేదని నమ్మాలి. పక్కింటి ముసలావిడ చేతబడి చేయలేదని నమ్మాలి. రోగం ఎవరి కోపమూ కాదని, దేవుడు లంచానికి లొంగడని నమ్మాలి. సారా మానాలి. భార్యను కొట్టడం మానాలి. ఆదివారం పనికి వెళ్లకూడదు. చాలామంది విశ్వాసుల ఇళ్లలో స్త్రీలు ముందుగా మెచ్చుకునే మార్పు సారా మానడమే. క్రైస్తవ దృక్పథమని వేదాంత కళాశాలల్లో చెప్పేది బస్తర్ పల్లెలో ఇలా రోజువారీ పనుల్లోకి దిగుతుంది.

అయితే ఆ జాబితా ఇక్కడితో ఆగదు. ప్రసాదం తినకూడదు. దేవ్‌గుడికి చందా ఇవ్వకూడదు. మడయి జాతరలో దేవుళ్లను మోసేటప్పుడు భుజం పట్టకూడదు. కొత్త పంట పండుగ దాకా ఆగకుండా బియ్యం వండుకోవచ్చు. ఊరితో పేచీ మొదలయ్యేది ఇక్కడే.

ఊరి లెక్క వేరు

విశ్వాసికి ఇది తన ఆత్మకు సంబంధించిన విషయం. ఊరికి మాత్రం ఇది ఉమ్మడి ఆస్తి వ్యవహారం. మురియా, మాడియా గోండుల లెక్కలో నేల పట్టాదారుది కాదు. తల్లూర్ ముత్తె అని పిలిచే భూమితల్లిది. మొదట అడవి కొట్టి ఊరు కట్టినవాళ్ల వారసుడు ఆ తల్లికి పూజారిగా ఉంటాడు. విత్తనం చల్లే ముందు, మామిడికాయ కోసే ముందు, కొత్త బియ్యం తినే ముందు ఆ తల్లికి ముట్టజెప్పాలి. అది ఊరంతా కలిసి చేయాలి. ఒక్క ఇల్లు తప్పినా వాన తప్పుతుంది, పులి వస్తుంది, పశువు చస్తుంది. ఒకడి నమ్మకం వాడి ఇష్టమని ఢిల్లీలో అనడం తేలిక. ఒకడు తప్పితే అందరికీ నష్టమని నమ్మే ఊళ్లో ఆ మాటకు అర్థం లేదు.

చావు విషయంలో పట్టుదల మరింత గట్టిది. చనిపోయినవాడు ఎక్కడికో వెళ్లిపోడు. కర్మకాండ జరిపాక కులదేవతల పక్కన చేరి ఇంటిని కాస్తాడు. 1927-31 మధ్య బస్తర్ సంస్థానాన్ని పాలించిన అధికారి డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన మాడియా గోండుల గ్రంథంలో ఆ స్మారక శిలల గురించి వివరంగా రాశారు. దంతెవాడ, బస్తర్ జిల్లాల్లో రోడ్ల పక్కన ఆ నిలువురాళ్లు నేటికీ కనిపిస్తాయి. ఊరి దృష్టిలో అది కేవలం శ్మశానం కాదు, పెద్దలు కూర్చునే రచ్చబండ. కర్మ జరగని శవాన్ని అక్కడ పెడితే ఆ కొలువు చెడిపోతుందన్నది వారి భయం. ఆ భయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసే పాస్టర్‌కు తన మందలోని మనుషులు నిన్నటిదాకా ఎక్కడ బతికారో అర్థం కానట్టే.

ఊరివాళ్లు కూడా ఒక విషయం మరచిపోతున్నారు. ఛింద్‌వాడా పాస్టర్ మహరా కులస్తుడు. గోండు కాదు. బస్తర్ ఊళ్లు ఎన్నడూ ఒకే కులానివి, ఒకే దేవుడివి కావు. గోండు, హల్బా, మహరా, గడవా, కుమ్మరి అందరూ కలిస్తేనే ఊరు. ప్రపంచంలోనే అతి సుదీర్ఘంగా 75 రోజుల పాటు సాగుతుందని చెప్పుకునే బస్తర్ దసరా కూడా అందుకు సాక్ష్యం. ఒక్కో పనీ ఒక్కో కులానిది, ఒక్కో ఊరిది. ఆ దసరాకు మూలమైన దంతేశ్వరి సైతం బయటి నుంచి వచ్చిందేనని అక్కడి కథ చెబుతుంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వెంటబెట్టుకొచ్చిన దేవత ఆమె. కొత్త దేవతకు చోటివ్వడం బస్తర్‌కు కొత్త కాదు. కానీ వచ్చిన దేవతలెవరూ పాత దేవతలను వదిలేయమని అడగలేదు. క్రీస్తు పేరుతో వచ్చినవారు అడిగారు.

ముందే వచ్చినవారు

బస్తర్‌కు క్రైస్తవం వచ్చిన దారుల్లో ఒకటి తెలుగు నేల మీదుగానే సాగింది. నిజాం రాజ్యంలో, ఇల్లందు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డ్ 19వ శతాబ్దం చివర జగ్దల్‌పూర్ చేరారు. ఊరి నడుమ ఉన్న ఎర్రటి 'లాల్ చర్చి' ఆ మిషన్ వారసత్వమే. దాని అసలు పేరులో చందయ్య అన్న మాట వింటే తెలుగువారికి చుట్టం పేరు విన్నట్టే ఉంటుంది. సరిహద్దుకు ఇటువైపు దుమ్ముగూడెంలో కోయల మధ్య 1860ల్లో మొదలైన ఆంగ్లికన్ మిషన్ కథ మరీ చిత్రం. గోదావరిపై పడవల రవాణా పనులు చూస్తున్న ఇంజినీరు హేగ్ దానికి ప్రేరణ. అక్కడ దశాబ్దాల పాటు పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ కోయల భాష, ఆచారాలపై రాసిన వ్యాసాలను పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

కేథలిక్కులది కేరళ దారి. 1972లో జగ్దల్‌పూర్ కేంద్రంగా సిరో మలబార్ సభ ప్రత్యేక పరిధి ఏర్పడింది. దాన్ని సి.ఎం.ఐ. సన్యాసులకు అప్పగించారు. 1977లో అది పూర్తిస్థాయి మేత్రాసనమైంది. బడులు, ఆస్పత్రులు వారి బలం. ఇక గత కొన్ని దశాబ్దాల్లో పెరిగినవి ఏ పెద్ద సభకూ చెందని ఇంటి సంఘాలు. వీటికి బిషప్పు లేడు, భవనం లేదు. పాస్టర్ చాలాసార్లు అదే ఊరి రైతు. వేదాంత శిక్షణ అంటే కొన్ని వారాల తరగతులే. బలమూ బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి. భాష, బాధ తెలిసిన మనిషి చెప్పడం బలం. కొత్తగా చేరినవాడికి దేన్ని వదలాలో చెప్పినంత బాగా దేన్ని ఉంచుకోవచ్చో చెప్పలేకపోవడం బలహీనత.

బయటి నుంచి వచ్చి బస్తర్‌ను మార్చాలని చూసింది పాస్టర్లు మాత్రమే కాదు. రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత 1970ల తొలినాళ్లలో బాబా బిహారీదాస్ అనే సాధువు తానే ఆ రాజునని చెప్పుకుంటూ వచ్చాడు. మెడలో తులసి కంఠి కట్టుకోండి, మాంసం, సారా మానండి అన్నాడు. వేలమంది ఆదివాసులు కంఠి కట్టుకున్నారు. అప్పుడూ కట్టుకున్నవారికీ కట్టుకోనివారికీ మధ్య ఊళ్లు చీలాయి. 1985 నుంచి నారాయణ్‌పూర్‌లో రామకృష్ణ మిషన్ అబూజ్‌మఢ్ పిల్లలకు బడులు నడుపుతోంది. గాయత్రీ పరివార్ వచ్చింది. మావోయిస్టులు సైతం తమవైన నీతినియమాలతో, కొత్త లోకం గురించిన కలతో వచ్చినవారే. అడవిలో బతుకు గట్టిగా కుదుపుకు లోనైనప్పుడల్లా మనుషులు కొత్త వెలుగు కోసం వెతుక్కున్నారు. ఆ వెతుకులాటను డబ్బుకూ ప్రలోభానికీ ముడిపెట్టి వదిలేస్తే బస్తర్ అర్థం కాదు.

పాదరీని మార్చిన అడవి

దీనికి ఎదురు దిశలో నడిచిన మనిషి కూడా ఇక్కడే కనిపిస్తాడు. వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి బిషప్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఆంగ్లికన్ పాదరీగా 1927లో పుణేలోని క్రైస్త సేవా సంఘానికి వచ్చారు. గాంధీకి దగ్గరయ్యారు. గోండుల మధ్య సేవ చేయడానికి 1932లో మాండ్లా జిల్లాకు వెళ్లారు. బిషప్‌తో తగాదా ముదిరింది. 1935లో చర్చిని వదిలేశారు. 1940లో బస్తర్ వచ్చి మురియాల యువజన గృహమైన ఘోటుల్‌ను అధ్యయనం చేసి, 1947లో వెలువరించిన పుస్తకం ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. బోధించడానికి వచ్చినవాడు నేర్చుకుని మారిపోయాడు. 1940ల్లో మాండ్లాలో మిషనరీల పనిని ఘాటుగా విమర్శించిన వారిలో ఆయన ముందున్నారు. 1964లో మరణించాక ఆయన అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరిగాయి.

ఎల్విన్‌ను మత మార్పిడి వ్యతిరేకులు తరచూ ఉదహరిస్తారు. ఆయన జీవితం మాత్రం వారికీ ఇరకాటమే. ఆదివాసిని క్రైస్తవుడిగా మార్చడం ఆయనకెంత నచ్చలేదో, కులవ్యవస్థలో అట్టడుగున చేర్చుకుని సంస్కరించడమూ అంతే నచ్చలేదు. అన్నిటికన్నా ముఖ్యం, తన నమ్మకాన్ని వదులుకునే స్వేచ్ఛను ఆయన ఎవరి అనుమతీ లేకుండా వాడుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడికి దక్కిన ఆ స్వేచ్ఛ ఛింద్‌వాడా రైతుకు ఎందుకు ఉండకూడదన్నదే మిగిలిన ప్రశ్న.

పౌలు చెప్పింది, ఎలీషా వదిలేసింది

విచిత్రమేమిటంటే బస్తర్ విశ్వాసి అడిగే ప్రశ్నలు క్రైస్తవానికి కొత్తవి కావు. ఆ మతం పుట్టిన కొత్తలో అడిగినవే. గ్రీకు నగరం కొరింథులో గుళ్లలో బలిచ్చిన మాంసమే బజారుకు వచ్చేది. దాన్ని తినవచ్చా అని అక్కడి క్రైస్తవులు పౌలును అడిగారు. ఆయన జవాబు నేటి పాస్టర్లు చెప్పేదానికన్నా చాలా మెలికలున్నది. విగ్రహం వట్టిదే గనుక మాంసానికి దోషం లేదన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది బలిచ్చినదని ఎవరైనా పనిగట్టుకుని చెబితే మాత్రం మానమన్నాడు. అదీ ఎదుటివాడి మనస్సాక్షి కోసం. దేవతల బల్ల దగ్గర భాగం పంచుకోవద్దని గట్టిగా చెప్పిన నోటితోనే తెలివి కన్నా ప్రేమ మిన్న అన్నాడు. అంటే పక్కింటి విందుకు వెళ్లవచ్చు, గుడిలో బలికి కూర్చోకూడదు. ఈ తేడాను పట్టుకోగలిగితే కొత్త బియ్యం పండుగనాడు అన్నదమ్ముల మధ్య సగం గొడవలు రావు.

అంతకన్నా దగ్గరి కథ పాత నిబంధనలోని నయమానుది. సిరియా సేనాని. కుష్ఠురోగి. బస్తర్ విశ్వాసుల మాదిరే స్వస్థత కోసం వచ్చినవాడు. నయమయ్యాక రెండు కంచర గాడిదలు మోసేంత మట్టి అడిగి తీసుకున్నాడు. కొత్త దేవుణ్ని మొక్కాలన్నా అతనికి నేల కావాల్సి వచ్చింది. తర్వాత ఓ ఇబ్బంది చెప్పుకున్నాడు. మా రాజు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించాలి అన్నాడు. ప్రవక్త ఎలీషా ఉపన్యాసం ఇవ్వలేదు. క్షేమంగా వెళ్లమన్నాడు, అంతే. రోజూ ఊరితో కలిసి బతకాల్సిన మనిషి కష్టం అర్థమైన గురువు చేసిన పని అది.

మూడో కథ అచ్చంగా శ్మశానానిదే. భార్య శారా చనిపోయినప్పుడు అబ్రాహాము పరాయి దేశంలో ఉన్నాడు. పాతిపెట్టడానికి చోటు అడిగాడు. అక్కడి హిత్తీయులు వేరే మతస్తులే. అయినా మా సమాధుల్లో శ్రేష్ఠమైనది తీసుకో, ఎవరూ కాదనరు అన్నారు. ఆయన 400 తులాల వెండి తూచి మక్పేలా గుహను కొనుక్కున్నాడు. పరాయివాడి శవానికి చోటివ్వడం అప్పటికే మర్యాదగా ఉండేదన్నమాట.

బైబిలులో వివేకానికి మారుపేరు సొలొమోను. దీర్ఘాయువో, సంపదో కోరకుండా మంచిచెడ్డలు తెలిసే మనసు కావాలని కోరాడు. ఆ మనసుకు వచ్చిన తొలి పరీక్ష ఒక తగవు. ఒక బిడ్డ కోసం ఇద్దరు తల్లులు. బిడ్డను చీల్చడానికి ఒప్పుకోనిదే అసలు తల్లి అని తేల్చాడు. బస్తర్‌లో ఊరిని నాది అంటే నాది అనుకుంటున్న రెండు పక్షాలకూ ఆ కథ వర్తిస్తుంది.

తీర్మానాలు, హోర్డింగులు

పల్లెల్లో తగవు ముదిరినప్పుడు చట్టం వచ్చి నిలబడుతుంది. ఉమ్మడి మధ్యప్రదేశ్ 1968లోనే బలవంతపు, ప్రలోభాల మత మార్పిడులను నేరం చేసింది. ఛత్తీస్‌గఢ్‌కు ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు ఇమిడి లేదంటూ 1977లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు తమ ఆచారాలను, సంప్రదాయాలను కాపాడుకునే అధికారమిచ్చింది. అడవి, గనుల విషయంలో ఆదివాసి చేతికి ఆయుధంగా వచ్చిన ఆ అధికారం పొరుగువాడి ప్రార్థన మీదికీ మళ్లింది. 2014లో తోకాపాల్ ప్రాంతంలోని సిరిస్‌గుడా గ్రామసభ హిందూయేతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ తీర్మానించింది. మరికొన్ని ఊళ్లు అదే బాట పట్టాయి. ఇలాంటి తీర్మానాలు ప్రాథమిక హక్కులకు అడ్డు రాకూడదని 2015లో హైకోర్టు స్పష్టం చేసింది. పదేళ్ల తర్వాత కాంకేర్ జిల్లా ఊళ్లలో పాస్టర్లకు ప్రవేశం లేదంటూ హోర్డింగులు లేచాయి. ప్రలోభాలతో జరిగే మార్పిడులను అడ్డుకునేందుకు పెట్టినవి రాజ్యాంగ విరుద్ధం కావని 2025 అక్టోబరులో అదే హైకోర్టు అంది.

ఈ మధ్యకాలంలోనే చేతులూ లేచాయి. 2022 డిసెంబరులో నారాయణ్‌పూర్ జిల్లా పల్లెల నుంచి తరిమేసిన వందలాది క్రైస్తవ ఆదివాసులు జిల్లా కేంద్రంలోని ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న ఊరేగింపుగా వచ్చిన మూక అక్కడి విశ్వదీప్తి పాఠశాల ఆవరణలోని చర్చిని ధ్వంసం చేసింది. ఆపబోయిన జిల్లా ఎస్పీ సదానంద్ కుమార్ తల పగిలింది. 2025 డిసెంబరులో కాంకేర్ జిల్లా ఆమాబెడా ప్రాంతంలో మళ్లీ ఖననం పేరుతోనే ఘర్షణ చెలరేగింది. పాతిపెట్టిన శవాన్ని వెలికితీయాల్సి వచ్చింది.

రాజకీయం ఇందులో లేదని ఎవరూ అనలేరు. మతం మారిన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలన్న ఉద్యమం సాగుతోంది. చట్టం ప్రకారం ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. ఎస్సీలకు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు, తర్వాతి సవరణలు సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఇచ్చాయి. దీంతో ఒకే ఊళ్లో, ఒకే ప్రార్థనా మందిరంలో పక్కపక్కనే మోకరిల్లే గోండుకూ మహరాకూ చట్టం దృష్టిలో వేర్వేరు ఫలితాలు. ఓట్లు లెక్కపెట్టేవారికి ఈ లెక్కలు బాగా తెలుసు.

వేరు శ్మశానం చాలా?

ఛింద్‌వాడా తీర్పులో జస్టిస్ నాగరత్న రాసిన భాగంలో మరో ఆదేశం ఉంది. రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలను రెండు నెలల్లో గుర్తించాలని. మరణం అందర్నీ సమానం చేస్తుందన్న పాత మాటను గుర్తుచేస్తూ, ఇక్కడ ఆ మరణమే ఊరిని చీల్చిందని ఆమె బాధపడ్డారు. 2024 ఏప్రిల్‌లో ఇదే బస్తర్ జిల్లాకు చెందిన మరో మృతుడికి సొంత భూమిలో ఖననానికి హైకోర్టు అనుమతించింది కూడా. అంటే చట్టంలో దారి లేక కాదు. ఒక్కో శవానికి ఒక్కో తీర్పు తెచ్చుకోవాల్సి రావడమే సమస్య.

వేరు శ్మశానాలు వస్తే ఆ అవస్థ తగ్గుతుంది. మార్చురీలో రోజులు లెక్కపెట్టుకోవాల్సిన పని ఉండదు. కానీ ఇరుపక్షాల్లోని గట్టివాళ్లకు కావలసింది కూడా సరిగ్గా అదే. వేరు బతుకు, వేరు చావు. విశ్వాసిని ఊరి నుంచి విడదీయాలని ఒకరు, ఊరి మలినం అంటకుండా కాపాడాలని మరొకరు. ఇద్దరూ ఒకే గీత గీస్తున్నారు.

తెలుగు క్రైస్తవం ఆ గీతను కొంతవరకైనా దాటింది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి క్రీస్తును మన కీర్తనల బాణీల్లో పాడుకునేలా చేశారు. జాషువా 'క్రీస్తు చరిత్ర'ను పద్యకావ్యంగా రాస్తే 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. భాషలో, పాటలో ఇమిడిన దేవుణ్ని పరాయివాడని అనడం కష్టం. బస్తర్‌లో హల్బీ, గోండీ పాటలు ఇప్పటికే పుడుతున్నాయి. కొత్త బియ్యం పండుగను భూమితల్లికి బలి లేకుండా, కృతజ్ఞతా ప్రార్థనతో ఊరందరి పక్కన కూర్చుని జరుపుకోవడం విశ్వాసికి అసాధ్యమేమీ కాదు. రోడ్డు మరమ్మతుకు, బావి పూడికకు, పెళ్లికి, చావుకు ముందుండి భుజం పట్టడమూ కాదు. జాతర చందా ఇవ్వనివాడు ఊరి బావికి రెట్టింపు ఇస్తే ఏమవుతుందో చూడాలి. అలాగే విత్తనాల పండుగకు రాని ఇంటిని వదిలేసినా వాన పడుతూనే ఉందని గమనించే పెద్దలు ఊళ్లకు కావాలి. ఈ వివేకం ఢిల్లీ తీర్పులోంచో, రాయ్‌పూర్ చట్టంలోంచో దిగి రాదు. గాయ్తా, పాస్టర్ ఎదురెదురుగా కూర్చున్నప్పుడే పుట్టాలి.

అప్పటిదాకా ఛింద్‌వాడా కుటుంబం పరిస్థితి ఇది. తాత ఊరి మట్టిలో ఉన్నాడు. తండ్రి 20 కిలోమీటర్ల అవతల కర్కాపాల్‌లో ఉన్నాడు. తన చోటు ఎక్కడో మనవడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.